మాణిక్యమ్మ వగైరా

వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై రెండవ సంవత్సరం ఫిబ్రవరి నెల పదవ తేదీ, బుధవారం. హైదరాబాదు పాతనగరం హుస్సేనీ ఆలం నివాసి, కీర్తిశేషులు గంప లక్ష్మయ్య గారి పెద్ద కొడుకు గంప కైలాసం, బి.ఏ., ఎల్‌ఎల్.బి., వయస్సు అరవై మూడు, వృత్తి ఇరవై ఆరేళ్లు సర్కారు వకీలు, ప్రస్తుతం కబూతర్ల (పావురాల) పెంపకం, అనే నేను నా సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఏమనగా:

నా మతి స్థిరంగా ఉంది. ఈ విషయంలో నా భార్య విమలాదేవికి వేరే అభిప్రాయం ఉంది. అయితే పెళ్లయిన మూడో నెల నుంచీ ఆమెది అదే అభిప్రాయం కాబట్టి, నా స్థితిలో కొత్తగా వచ్చిన మార్పేదీ లేదనడానికి దాన్నే సాక్ష్యంగా తీసుకోవాలని మనవి. ఈ పత్రం రాయమని నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. "రాసేదేందో జల్ది రాసి పారెయ్యి, పెన్ను పట్టుకొని పైకి సూస్తె అక్షరాలు రాలుతయా?" అని విమలాదేవి అన్న మాట బలవంతం కిందికి రాదని నా న్యాయాభిప్రాయం.

వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం, అంటే ఇరవై రెండో తేదీన నాకు హెర్నియా ఆపరేషన్. ఇదివరకు డాక్టరు గారి దగ్గర రెండుసార్లు వాయిదా తెచ్చుకున్నాను. మూడోసారి అడగబోతే ఆయన, "ఇది కోర్టు కాదు వకీల్ సాబ్, పేగుకు మీ వాయిదాలు తెల్వయి" అన్నాడు. అందువల్ల ఈ వీలునామా.

ముందుగా రెండు షరతులు. మొదటిది, నేను ఎవరికి ఏమిచ్చినా పేరు పెట్టి ఇస్తాను. "వగైరా" అన్న మాటతో ఎవరినీ సరిపెట్టను. ఎందుకో ఆరవ పేరాలో ఉంది. ఇప్పుడే ఆరవ పేరాకు దూకవద్దు. కాగితాన్ని వరుసగా చదవకపోతే ఏమవుతుందో కూడా ఆ పేరాలోనే ఉంది.

రెండో షరతు: ఈ వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. మొదటివాడు మా వీధిలో దర్జీ, నా మిత్రుడు షేక్ ఖాదర్. రెండోవాడు నా తమ్ముడు గంప సీతారాం. పురానాపూల్‌లో మా బాపు పెట్టిన ఇత్తడి సామాను దుకాణం నడుపుతున్నాడు. పదమూడేళ్లుగా నాతో మాట్లాడడం లేదు. అతని బదులు ఇంకెవరిని పట్టుకొచ్చినా నేను ఒప్పుకోను. అతని సంతకం పడకపోతే ఈ కాగితాలు మిర్చీబజ్జీల పొట్లానికి తప్ప ఎందుకూ పనికిరావు, నా వెనుక నా పిల్లలు ఏమి కొట్టుకుంటారో కొట్టుకోనీ. ఇది మొండితనమని విమలాదేవి అంటుంది. మొండితనమే. అతనికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది నోటితో చెప్పలేకపోయాను. నా నోరు సర్కారు తరఫున మాట్లాడడానికి అలవాటు పడి, నా తరఫున మాట్లాడడం మరిచిపోయింది.

1. హుస్సేనీ ఆలంలో నేను కట్టించిన ఇల్లు, వంటిల్లు, బావి, మేడమీది గదితో సహా, విమలాదేవి బతికినన్నాళ్లు ఆమెది. ఆమె తర్వాత నా కొడుకు దామోదర్‌కూ నా కూతురు కమలకూ చెరి సగం. నా హార్మోనియం కూడా విమలాదేవికే. ఇరవై ఏళ్లు సాధన చేశాను. నేను పెట్టె తెరిచిన ప్రతిసారీ ఆమెకు బావి దగ్గర ఏదో పని గుర్తుకొచ్చేది. దాన్ని ఆమె ఏమైనా చేసుకోవచ్చు. స్నానాల నీళ్లు ఇంకా కట్టెల పొయ్యి మీదే కాగుతున్నాయన్న సంగతి నాకు తెలుసు, నేనేమీ అనుకోను.

ఇక్కడ ఒక మాట రాయాలి. నేను కేసు ఓడిపోయి వచ్చిన రోజున ఆమె ఏమైందని అడగలేదు. "అన్నం తింటవా?" అని అడిగింది. గెలిచి వచ్చిన రోజునా అదే అడిగింది. నాకు అప్పట్లో అది తక్కువగా తోచేది. ఇప్పుడు తలుచుకుంటే, ఇన్నేళ్లలో నన్ను సరిగ్గా అడిగిన ప్రశ్న అదొక్కటే.

2. గడియారాలు ఏడు. నా కొడుకు దామోదర్‌కు. టెలిఫోన్ల శాఖలో పనిచేసే మనిషి, చెడిపోయినవాటితో వేగడం అతనికి అలవాటే. ఈ ఏడూ నేను స్వయంగా విప్పి బాగు చేసినవి. విప్పక ముందు వాటిలో ఐదు సరిగ్గా నడిచేవి. హాల్లోని పెద్ద గోడ గడియారం సాయంత్రం నాలుగింటికి పదకొండు కొడుతుంది. మా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. పదకొండు కొట్టగానే విమలాదేవి చాయ్ పెడుతుంది. దామోదర్ దాన్ని మళ్లీ బాగు చేయించకూడదు, చాయ్ వేళ తప్పుతుంది. వాటితో పాటు మిగిలిన మరలు ఒక నెస్కేఫ్ డబ్బాలో ఉన్నాయి. ఏది దేనిదో నాకు తెలియదు.

దామోదర్‌పై నాకు ఒక పాత కోపం ఉంది. అతని పదేళ్ల వయసులో, నేను గాలిపటం ఎగరేస్తుంటే మాంజా తెంపి, "గాలికి తెగింది బాపూ" అన్నాడు. ఆ రోజు గాలి లేదు. ఆ కోపం ఈ పత్రంతో ఉపసంహరించుకుంటున్నాను.

3. నా న్యాయ పుస్తకాలన్నీ, రెండు బీరువాలతో సహా, నా కూతురు కమలకు. కమల మలక్‌పేటలో బడిపంతులమ్మ. మా ఇంట్లో ఏ కాగితమైనా మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి ఆమె ఒక్కతే. చింతపండు కట్టుకొచ్చిన కాగితాన్ని కూడా విప్పి, సగంలో చిరిగిపోయిన వార్తకు మిగతా సగం ఏమైందని అడిగేది. అందుకే ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఆమెకే అప్పగిస్తున్నాను. నా జీవితంలో చేసిన నియామకాలలో ఇదొక్కటే సరైనది.

నా దుర్భిణి కూడా కమలకే. ఆదివారం ఆదివారం మనవలను చూసే మిషతో వాళ్ల ఇంటికి పోయి, మేడెక్కి, దుర్భిణితో రేసుకోర్సు వైపు చూసేవాణ్ని. ఏ గుర్రం గెలుస్తుందో ముందే నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. పదకొండేళ్లలో ఒక్క పందెం కాయలేదు. విమలాదేవి దీన్ని ఈ రోజుకీ నమ్మదు. నోటుబుక్కు కూడా ఇస్తున్నాను. అందులో ఉన్న జోస్యాలు చదివితే, పందెం కాసిన మనిషి ఇంత ప్రశాంతంగా బతికి ఉండడని ఆమెకే తెలుస్తుంది.

4. మేడ మీది కబూతర్లు ఇరవై రెండు, గూళ్లతో సహా, షేక్ ఖాదర్‌కు. వాటిలో సగం అతనివేనని అతని వాదన. మా రెండు మేడల మధ్య ముప్పై ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం ఇది: అతను జొన్నలు చల్లి నావాటిని దింపుకుంటాడు, నేను సజ్జలు చల్లి అతనివాటిని దింపుకుంటాను. నవాబ్ అనే తెల్లది ఎవరిదన్న దానిపై మాత్రం మేము పండుగ నాడు కూడా రాజీ పడలేదు. ఇప్పుడు నవాబ్‌ను ఇస్తున్నాను కదా అని, అది మొదటి నుంచీ అతనిదేనని నేను ఒప్పుకున్నట్టు కాదు. నాది కాబట్టే ఇస్తున్నాను.

5. నా హోమియోపతి పెట్టె, సీసాలతో సహా, నా గుమాస్తా శివయ్యకు. నేను ఇచ్చిన మందులన్నీ వేసుకుని కూడా నిలబడిన మనిషి ఇతనొక్కడే. ఒకసారి ఇతని దగ్గుకు మందిస్తే దగ్గు పోయి, తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ములకు ఇస్తే దగ్గు తిరిగి వచ్చింది. "సార్, పాతదే నయం, గదే ఉండనియ్యుండ్రి" అన్నాడు. ఎన్నడూ నా మీద ఫిర్యాదు చేయలేదు. తరువాతి పేరాలో రాబోయే సంగతిలో ఇతని తప్పు ఇంత కూడా లేదని ముందే రాసిపెడుతున్నాను.

6. ఈ పేరాలో ఆస్తి ఏమీ లేదు.

సర్కారు వకీలుకు రోజుకు ముప్పై కేసులుంటాయి. ముప్పై ఫైళ్లు చదివే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకని మాకొక పద్ధతి ఉంది. కేసు పిలవగానే లేచి, "సర్కారు నుంచి సూచనలు రావలసి ఉన్నాయి, గడువు ఇప్పించండి" అంటాము. జడ్జి గారు వాయిదా వేస్తారు. ఫైలుకు కట్టిన తాడు విప్పే పని ఉండదు. నేను ఈ మాట ఇరవై ఆరేళ్లలో ఎన్నిసార్లు అన్నానంటే, ఒకసారి మా మేనత్త ఒక పెళ్లి సంబంధం గురించి అడిగితే కూడా అదే నోట్లోంచి వచ్చింది.

1967లో ఒక కేసు వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తుంటే, ఆ రోడ్డు మీది పద్నాలుగు మంది దుకాణదారులు తమ అరుగులు కూల్చవద్దని కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నారు. మొదటి పేరు పూలమ్మే మాణిక్యమ్మది. తక్కిన పదమూడుగురి పేర్లు పైన రాయడానికి చోటు చాలదు కాబట్టి ఫైలు అట్ట మీద "మాణిక్యమ్మ వగైరా" అని రాశారు. కోర్టులో పిలుపు కూడా అదే. నేను తొమ్మిది వాయిదాలు అడిగాను. తాడు విప్పలేదు. అది పురానాపూల్ రోడ్డని నాకు తెలియదు. ఆ వగైరాలో తొమ్మిదో మనిషి నా తమ్ముడు సీతారాం అని నాకు తెలియదు.

మా ఇంటి గుమ్మం మీద నేను ఒక పలక తగిలించాను: "ఇచ్చట కేసుల సంగతి మాట్లాడరాదు." చుట్టాలందరూ చాయ్ తాగుతూ గెట్టు తగాదాలు విప్పుతుంటే భరించలేక పెట్టిన పలక అది. సీతారాం చిన్నప్పటి నుంచీ నా మాట జవదాటని మనిషి. ఆ పలక చూసి, ఇంట్లో ఆ కేసు ఊసు ఎత్తలేదు. ఎత్తవలసిన పని లేదని కూడా అనుకున్నాడు. అన్న ఒకటికి తొమ్మిదిసార్లు వాయిదా అడుగుతున్నాడంటే, తన అరుగును కాపాడడానికే అడుగుతున్నాడని నమ్మాడు. ప్రతి వాయిదా నాడు అతని భార్య రాజమణి శనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి భక్షాలు చేసి, ఇత్తడి టిఫిన్ డబ్బాలో మా ఇంటికి పంపేది. మరదలికి నా మీద హఠాత్తుగా ఇంత అభిమానం ఎందుకు పుట్టిందా అనుకుంటూ తొమ్మిదిసార్లు తిన్నాను. నేను బాగు చేసిచ్చిన గడియారం నచ్చిందేమో అనుకున్నాను.

పదోసారి, 1969 జనవరిలో, కొత్త జడ్జి గారు వచ్చారు. "ఈ రోజు వాదిస్తారా, లేక సర్కారు ఓడిపోయిందని రాసుకోమంటారా?" అన్నారు. శివయ్య అప్పటికే చీటీ రాసి నా చేతిలో పెట్టి ఉన్నాడు: "రోడ్డు వెడల్పు. పద్నాలుగు ఆక్రమణలు. స్టే కొట్టేయించాలి." నాకు అంతే చాలు. ఏ రోడ్డో తెలియనప్పుడు "సదరు రోడ్డు" అంటే సరిపోతుంది. ఎవరో తెలియనప్పుడు "సదరు వ్యక్తులు" అంటే సరిపోతుంది. నలభై నిమిషాలు వాదించాను. అంత బాగా ఎన్నడూ వాదించలేదు. ప్రజలు నడిచే దారిని అరుగుల పేరుతో మింగిన ఈ బడా వ్యాపారులకు జాలి చూపడం పాపమన్నాను. "ఈ మాణిక్యమ్మ అనే సంపన్నురాలు" అని కూడా అన్నాను. అప్పుడామె ఒడిలో మల్లెపూల గంప పెట్టుకుని రెండో వరుస బెంచీ మీద కూర్చుని ఉందట.

స్టే కొట్టేశారు. నేను కాగితాలు సర్దుకుంటూ వెనక్కి తిరిగాను. ఆఖరి వరుసలో సీతారాం నిలబడి ఉన్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. ఆ రోజు కేసు గెలుస్తామని, అన్నదమ్ములం కోర్టు బయట చెట్టు కింద కూర్చుని తిందామని స్వయంగా తెచ్చాడు. డబ్బాను బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. అతని చెప్పుల చప్పుడు మెట్ల దాకా వినబడింది.

నేను అప్పుడు తాడు విప్పాను. తొమ్మిదో పేరు చదివాను. శివయ్య చీటీని వెనక్కి తిప్పి చూస్తే, దాని వీపున పద్నాలుగు పేర్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. వాదనకు ముందు నేను ఆ చీటీని తిప్పలేదు. ఆ చీటీ ఈ వీలునామాకు జతచేశాను. భక్షాలు మూడు తిన్నాను. నాలుగోది తిరిగి డబ్బాలో పెట్టి మూత వేశాను.

ఇంత వరకు నాది అజాగ్రత్త. దీని తరువాత చేసింది తప్పు. తొమ్మిదో పేరు నా తమ్ముడిదని తెలిసిన సాటి వకీళ్లు వచ్చి నా చేతులు పట్టుకుని, "సొంత తమ్ముడని కూడా సూడలేదు, శభాష్ కైలాసం!" అన్నారు. ఫైలు చదవలేదని చెబితే ఉద్యోగం పోతుంది. ఊరుకుంటే నీతిమంతుణ్నవుతాను. ఊరుకున్నాను. నెల తిరగకుండానే నాకు శాలువా కప్పారు. "చట్టం ముందు అన్న లేడు, తమ్ముడు లేడు" అని ఒకాయన ఉపన్యసించాడు. నేను తల ఊపాను.

అరుగు కూల్చిన మరునాడు సీతారాం మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. పలకను ఒకసారి చూసి, "కేసు మాట కాదన్నా, ఒక్కటే అడుగుత. తెల్సే చేసినవా?" అన్నాడు. నేను, "నా డ్యూటీ నేను చేసిన" అన్నాను. అతను తల వంచుకుని పోయాడు. కమల పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, బంతిలో ఆఖరున కూర్చుని తిని, నాతో మాట్లాడకుండానే వెళ్లాడు.

సీతారాం, ఇది నీకు: తెలిసి చేయలేదు. నేను చదవలేదు. అరుగు పోయినందుకు కాదు నేను ఇన్నేళ్లు సిగ్గుపడుతున్నది. నువ్వు గుమ్మంలో నిలబడి అడిగిన దానికి అబద్ధం చెప్పినందుకు.

7. మా ఇంటి ముందరి అరుగు మీద, తూర్పు మూల, మాణిక్యమ్మ బతికినన్నాళ్లు కూర్చుని పూలు అమ్ముకోవచ్చు. నా వారసులెవరూ ఆమెను లేవమనరాదు. నిజానికి నా అనుమతి ఆమెకు అక్కర్లేదు. పురానాపూల్ అరుగులు పోయిన వారానికే గంపతో వచ్చి కూర్చుని, "నా జాగ నువ్వు తీసేసినవ్, నీ జాగల నేను కూసుంట" అంది. నేను పుస్తకాలన్నీ వెతికాను. దానికి జవాబు దొరకలేదు.

ఆమెకు మొదటి రోజే అంతా అర్థమైంది. "నువ్వు కాయిదం సూడలే అయ్యా. సూస్తె నన్ను దౌలతున్నదానివంటవా? నా దగ్గర దౌలతేంది, ఈ గంప తప్ప?" అంది. కానీ పదమూడేళ్లలో ఆ మాట మూడో మనిషికి చెప్పలేదు. రోజూ సాయంత్రం విమలాదేవికి ఒక మూర పూలు ఇచ్చి, నా వైపు ఒక చూపు చూసి పోతుంది. ఆ చూపుకు భయపడి నేను పెరటి తలుపు నుంచి తిరగడం మొదలుపెట్టాను.

నాకు కప్పిన శాలువా మాణిక్యమ్మకు. మంచి ఊలు. పొద్దున్నే పూల మండీకి పోయేటప్పుడు చలికి పనికొస్తుంది. అది నా భుజం మీద ఉన్నంత కాలం నాకు వెచ్చదనం తెలియలేదు.

8. నా తమ్ముడు గంప సీతారాంకు రెండు వస్తువులు.

ఒకటి, అతని టిఫిన్ డబ్బా. అడుగున "గం. సీ." అని చెక్కి ఉంది. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని మా అమ్మ నేర్పిన పద్ధతి. నింపి పంపుదామంటే మాటలు లేవు, ఖాళీగా పంపుదామంటే పద్ధతి కాదు. ఆ విధంగా అది మా అటక మీద పదమూడేళ్లు ఉండిపోయింది. ఏటా దసరాకు విమలాదేవి దాన్ని చింతపండుతో తోమి, మళ్లీ అటకెక్కిస్తుంది.

రెండోది, బాపు రాయి. అరుగు కూల్చాక ఆ రాళ్లు ఏ గుంతలో పడ్డాయో అని సీతారాం మూడు రోజులు మూసీ ఒడ్డున వెతికాడని విన్నాను. ఆ రాయి అక్కడ లేదు. కూల్చిన సాయంత్రమే ఖాదర్ భాయ్‌ని తీసుకుని, తోపుడు బండితో పోయి, నేను తెచ్చాను. బాపు నలభై ఏళ్లు కూర్చున్న చోట నున్నగా గుంత పడిన నల్లరాయి. బిందె కొనడానికి వచ్చినవాళ్లకు మోత వినిపించడానికి బాపు దాని అంచుకు కొట్టి చూపేవాడు. అంచు పొడుగునా ఆ గంట్లు ఉన్నాయి. వేలితో తడిమితే ఎవరికైనా తెలుస్తుంది.

విమలా, కోపం తెచ్చుకోకు. బావి దగ్గర నువ్వు పదమూడేళ్లుగా బట్టలు ఉతుకుతున్న రాయి అదే. చెబితే ఉతకడం మానేస్తావు. మానేస్తే ఎందుకని అందరూ అడుగుతారు. అడిగితే ఆరవ పేరా అంతా చెప్పవలసి వస్తుంది. నువ్వు నా కోర్టు షర్టులను దాని మీద బాదుతున్నప్పుడు, బాపు నా వీపు మీద బాదుతున్నట్టే ఉండేది. అది సబబే అనుకుని ఊరుకున్నాను.

సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో ఏదైనా ఇస్తే చెల్లదని కొందరు వకీళ్లు బెదిరిస్తారు. హిందువుల వీలునామాకు ఆ నిబంధన లేదు. పుస్తకం దించి, దుమ్ము దులిపి, సెక్షను మొత్తం చదివాను. అవును, నేనే చదివాను. ఖాదర్ భాయ్ కబూతర్లకూ, సీతారాం రాయికీ ఏ ఢోకా లేదు.

9. ఇంకా ఏవైనా మిగిలితే, కమల ఒక్కొక్క వస్తువు పేరు రాసి, దాని పక్కన తీసుకునే మనిషి పేరు రాసి ఇవ్వాలి. నా పాత చెప్పుల జత అయినా సరే. గుమ్మం మీది పలకను ముందుగా తీసేయాలి. దానికి వారసులు అక్కర్లేదు.

ఆపరేషన్ బల్ల మీద నాకేమైనా అయితే దహనం ఆ రోజే జరగాలి. శివయ్య అలవాటు కొద్దీ గడువు అడగకూడదు.

పై సంగతులన్నీ నేను రాసి, మళ్లీ మొదటి నుంచి చదివి, సరిగ్గా ఉన్నాయని తెలుసుకుని సంతకం చేశాను.

(సంతకం) గంప కైలాసం
10-2-1982

మొదటి సాక్షి: షేక్ ఖాదర్, దర్జీ, హుస్సేనీ ఆలం. వకీల్ సాబ్ నా ముందరనే దస్తఖత్ చేసిండు. నవాబ్ నా కబూతరే. రాయి బండి తోసింది కూడ నేనే, ఆయన పక్కన నడిచిండు.

రెండో సాక్షి కోసం ఖాళీ ఉంచిన స్థలంలో నేను రాసుకున్న రోజువారీ వివరం:

11-2-82. శివయ్యను పురానాపూల్ పంపాను. "దుకాణంల గిరాకి ఉంది, తీరినంక సూస్త" అన్నాడట. ఆ సమయాన దుకాణంలో శివయ్య తప్ప ఎవరూ లేరు. వాయిదా.

13-2-82. దామోదర్ వెళ్లాడు. చాయ్ తాగించి పంపాడు. నా సంగతి ఎత్తనివ్వలేదు. వాయిదా.

16-2-82. మా గల్లీ మొగదాకా వచ్చి, ఖాదర్ భాయ్ దుకాణం ముందు కాసేపు నిలబడి, మా మేడ వైపు చూసి, తిరిగి పోయాడు. నేను మేడ మీదే ఉన్నాను. పిలవడానికి నోరు రాలేదు. వాయిదా. ఎదుటివాడు వాయిదా వేస్తుంటే ఇలా ఉంటుందని ఇరవై ఆరేళ్లు నాకు తెలియలేదు.

19-2-82. ఆపరేషన్‌కు మూడు రోజులు. ఎవరినీ పంపలేదు. సాయంత్రం చూస్తే అరుగు మీద మాణిక్యమ్మ లేదు, గంప మాత్రం ఉంది. గంప వదిలి ఆమె ఎటూ పోదు.

20-2-82. శనివారం, ఉదయం. మాణిక్యమ్మ ముందు, సీతారాం వెనుక వచ్చారు. వీలునామా సంగతి ఖాదర్ భాయ్ దగ్గర విని, నిన్న సీతారాం దుకాణానికి పోయి ఆమె అన్న మాట, ఆమె చెప్పినట్టే రాస్తున్నాను: "నడు బిడ్డా. మీ అన్న కాయిదం రాసిండు. ఈసారి వగైరాల పెట్టలే, నీ పేరు పెట్టి రాసిండు." సీతారాం కాగితాలు చేతికి తీసుకుని, బావి దగ్గరికి పోయి, ఆ రాయి మీద కూర్చుని చదువుతున్నాడు. గంట దాటింది. మధ్యలో ఒకసారి చేతితో రాయి అంచు తడిమాడు. విమలాదేవి లోపల పొయ్యి మీద భక్షాలకు శనగపప్పు ఉడకేసింది. అటక మీదినుంచి డబ్బా దించమని దామోదర్‌ను కేకేసింది. ఇది నా సంతకమేనని సీతారాం ముందు నోటితో ఒప్పుకున్నాను. కింది రాత అతనిది.

రెండో సాక్షి: గంప సీతారాం, తండ్రి గంప లక్ష్మయ్య, ఇత్తడి సామాను దుకాణం, పురానాపూల్.

మొదటి కాయిదం నుంచి ఆఖరి దాకా ఒక్క అక్షరం ఇడువకుండ చదివినంకనే సంతకం పెడుతున్న. చదువకుండ నిలబడే అలవాటు నాకు లేదు. చీటీ వెనుక కూడ తిప్పి చూసిన.

అన్నా, తెల్వక చేసిన అని ఆ దినం గుమ్మంల చెప్తే, అప్పుడే నిన్ను నాలుగు తిట్టి, లోపలికొచ్చి చాయ్ తాగి పోదును. పదమూడేండ్లు నువ్వు పెద్ద నీతిమంతుడివనుకొని నీ ముందరికి రాలేకపోయిన. నీతి ముందర నేనేం మాట్లాడుత? చదువనోనితోనైతే మాట్లాడొచ్చు.

రాయి రేపు బండి తెచ్చి తీస్కపోత. వదినెకు బట్టలు ఉతుక్కునేందుకు వేరే బండ పంపిస్త. డబ్బా ఇప్పుడే తీస్కపోతున్న, నిండుగనే ఉంది.

సోమవారం దవాఖానకు పొద్దున్నే వస్త. డాక్టర్‌ను వాయిదా అడిగినవంటే నేనే లేచి వద్దంట.

(సంతకం) గంప సీతారాం
20-2-1982